రాళ్లకుంటలో వేయని టీకాలు

ఈ మధ్య ఇబ్రహీంపట్నంలో మా వీధిలోకి ఒక అమ్మాయి అద్దెకు దిగింది. పశువైద్య శాఖలో వెటర్నరీ అసిస్టెంట్‌గా కొత్తగా చేరింది. నేనూ అదే ఉద్యోగం చేసి రిటైరయ్యానని ఎవరో చెప్పారట. ఒక ఆదివారం మేం చర్చి నుంచి వచ్చేసరికి మా గేటు దగ్గర నిలబడి ఉంది. లోపల కూర్చోబెట్టాను. చూలు నిలవని ఆవుల గురించో, ఈనలేక కష్టపడే బర్రెల గురించో అడుగుతుందనుకున్నాను. ఆమె ఫోన్ చేతిలో పట్టుకొని, "సార్, రైతు ఫోన్‌కు ఓటీపీ రాకపోతే మీరేం చేసేటోళ్లు?" అని అడిగింది.

దానికి నా దగ్గర జవాబు ఉంది. ఉన్నందుకే సిగ్గు. "ఇంకోసారి మాట్లాడుకుందాం బిడ్డా" అని చాయ్ ఇచ్చి పంపించేశాను. ఆ తర్వాత నాలుగైదు రోజులు ఏ పనీ తోచలేదు. ఆ అమ్మాయికి నోటితో చెప్పలేనిది కాగితం మీద పెడుతున్నాను. ఆమె లాంటివాళ్లు ఈ పనిలోకి ఇంకా వస్తున్నారు కాబట్టి అందరికీ పనికొస్తుందనుకుంటున్నాను.

నా పేరు ప్రభుదాస్. పల్లెల్లో దాసు సారు అనేవాళ్లు. కొందరు డాక్టర్ సారు అని కూడా పిలిచేవాళ్లు. నేను డాక్టర్‌ను కాను, డాక్టర్ చెప్పినట్టు సూది వేసేవాణ్ణి, కట్టు కట్టేవాణ్ణి. కానీ పల్లెలో పశువు పడిపోయినప్పుడు ముందు చేరేది మనమే. ఇబ్రహీంపట్నం, యాచారం మండలాల ఊళ్లలోనే నా ఉద్యోగం అంతా గడిచింది. ఆ ఉద్యోగంలో నేను చేసిన రెండు తప్పుల గురించి చెబుతాను. ఒకటి చేరిన కొత్తలో, ఒకటి దిగిపోయే ముందు.

చెవి పట్టుకో

నేను చేరినప్పుడు మా దవాఖానలో ఉన్న డాక్టర్ సారు పెద్దాయన. పొట్టి చేతుల చొక్కా, భుజానికి ఒక తోలుసంచి. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. మొదటి రోజు నేను మందుల బీరువా ముందు నిలబడి సీసాల మీద పేర్లు చదువుకుంటుంటే, "పేర్లు తర్వాత నేర్చుకుందువు గాని, ముందు చెవి పట్టుకునుడు నేర్చుకో" అన్నాడు.

పశువు దగ్గరికి పోగానే చెవి పట్టుకోవాలి. జ్వరముంటే కాలుతుంది. పాలజ్వరమైతే మంచులా ఉంటుంది. ముట్టె తడిగా ఉందా చూడాలి. నెమరు వేస్తోందా అని ఇంటామెను అడగాలి. ఇంటాయనను కాదు, ఇంటామెనే. పేడ తీసేది, కుడితి పెట్టేది ఆమె కాబట్టి ఆమెకే తెలుస్తుంది. ఇవన్నీ అయ్యేదాకా సంచి తెరవొద్దనేవాడు. నేను నేర్చుకున్న విద్యంతా ఇదే. దీన్ని మించి ఏ ట్రైనింగులోనూ ఎవరూ నేర్పలేదు.

పాలజ్వరం మాట వచ్చింది కాబట్టి మొదటి తప్పు చెబుతాను. ఎక్కువ పాలిచ్చే పశువు ఈనిన రెండు మూడు రోజులకు ఒంట్లో కాల్షియం పడిపోయి కూలబడుతుంది. మెడ డొక్క వైపు తిప్పుకొని పడుకుంటుంది. మెడ నరంలోకి కాల్షియం ఎక్కిస్తే చూస్తుండగానే లేచి నిలబడుతుంది. ఊరివాళ్లకు అది మహిమలా కనిపిస్తుంది. మనకూ కొంచెం గర్వం ఎక్కుతుంది. అయితే మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగిపోతుంది.

మల్లయ్య అనే రైతు ఆవుకు నేను తొందరపడ్డాను. సారు వేరే ఊళ్లో ఉన్నాడు. ఇంకో రెండు ఇళ్లవాళ్లు నా కోసం ఎదురుచూస్తున్నారు. సీసా ఎత్తి పట్టుకొని ధార పెంచాను. ఆవు ఒక్కసారి ఒళ్లు బిగించి, నా చేతి కిందే చచ్చిపోయింది. రోగం ముదిరిపోయిందని మల్లయ్యకు చెప్పి వచ్చేశాను. ఆయన నమ్మాడు.

సాయంత్రం సారుకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కోప్పడలేదు. "పోయి మల్లయ్యకు చెప్పు" అన్నాడు.

"ఇప్పుడు చెప్తే కొడ్తడేమో సార్."

"కొడితే కొట్టనీ. రేపు ఇంకో పశువు పడితే నిన్నే పిలవాలె గదా. నువ్వెవరో తెలిసి పిలవనీ."

పోయి చెప్పాను. మల్లయ్య గడ్డివాము దగ్గర కూలబడ్డాడు. తర్వాత, "ఇంకొకల్లకు జర పైలంగ ఎక్కియ్యి సారూ" అన్నాడు. అంతే. ఆ మాట నాకు పడ్డ శిక్ష. అప్పటి నుంచి ఏ సీసా ఎత్తినా నా చెయ్యి కిందికే ఉండేది.

ఫోన్ వచ్చాక

రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్లు ఉందనగా మా పనిలోకి ఫోన్ వచ్చింది. ప్రతి పశువు చెవికీ అంకెలున్న పసుపుపచ్చ ప్లాస్టిక్ పోగు కుట్టాలి. ఆ అంకెలను ఫోన్‌లోని యాప్‌లో ఎక్కించాలి. యజమాని పేరు, ఆధార్, ఫోన్ నంబరు, పశువు వయసు, ఎన్నో ఈత, అన్నీ నింపాలి. టీకా వేసిన ప్రతిసారీ ఆ పోగు నంబరు కొట్టి నమోదు చేయాలి. నమోదు చేయగానే యజమాని ఫోన్‌కు ఓటీపీ పోతుంది. ఆ అంకెలు ఆయన చెబితే మనం కొట్టాలి. అప్పుడే ఆ టీకా లెక్కలోకి వస్తుంది.

ఆలోచన మంచిదే. పశువు ఎవరిది, ఏ టీకా ఎప్పుడు వేశారు అన్నది రాష్ట్రంలో ఎక్కడి నుంచైనా చూడొచ్చు. నేను దాన్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. కానీ పల్లెలో అది ఎలా నడిచిందో చెప్పాలి.

పశువు యాచారం దగ్గర కొట్టంలో ఉంటుంది. దాని యజమాని పేరు మీద ఉన్న సిమ్ము తుక్కుగూడలో డ్రైవర్ పని చేసే అల్లుడి జేబులో ఉంటుంది. అల్లుడికి ఫోన్ చేస్తే బండి నడుపుతుంటాడు, ఎత్తడు. ఎత్తితే, "ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దన్నరు సార్" అంటాడు. అతణ్ణి ఏమనాలి? అతనిదే రైటు. ఇంకొకరికి ఫోన్ ఉంటుంది, రీచార్జి ఉండదు. ఇంకొకరికి రెండూ ఉంటాయి, సిగ్నల్ ఉండదు. నేను నీళ్ల ట్యాంకు మెట్లెక్కి నిలబడి నమోదు చేసిన రోజులున్నాయి. కింద నుంచి రైతు అంకెలు అరిచి చెబుతుంటే పైన నేను కొట్టేవాణ్ణి. ఒక్క అంకె తప్పు వినబడితే మళ్లీ మొదటికి వచ్చేది. ఎండలో స్క్రీన్ కనబడేది కాదు. నా కళ్లజోడు ఒకటి, చేతి నిండా పేడ.

ఒక పశువుకు సూది వేయడానికి అర నిమిషం చాలు. నమోదుకు పది నిమిషాలు పట్టేది. మెల్లమెల్లగా నాకు తెలియకుండానే ఒక మార్పు వచ్చింది. కొట్టంలోకి పోగానే నేను చెవి పట్టుకునేవాణ్ణి, నిజమే. కానీ చెవి వేడిగా ఉందో చల్లగా ఉందో చూడటానికి కాదు, పోగు మీది నంబరు చదవడానికి.

ప్రతి సాయంత్రం పైఅధికారులతో ఫోన్‌లోనే వీడియో మీటింగు జరిగేది. ఏ మండలంలో ఎన్ని నమోదయ్యాయో పట్టిక చూపించేవాళ్లు. వెనకబడ్డ మండలాలకు ఎర్ర రంగు వేసేవాళ్లు. మా డాక్టరమ్మ వయసులో నా కూతురంత ఉంటుంది, పని తెలిసిన మనిషి. ఆమెను అందరి ముందు నిలబెట్టి, "మీ మండలం ఎప్పుడూ కిందనే ఉంటదెందుకమ్మా?" అని అడిగేవాళ్లు. ఆమె తల దించుకొని వినేది. మరునాడు పొద్దున మాకు ఫోన్ చేసి, "అన్నా, ఇవాళైనా నంబర్లు జర చూడండన్నా" అనేది. మమ్మల్ని తిట్టేది కాదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆ జవాబు చెబుతాను. ఓటీపీ రాకపోతే నేనేం చేశానంటే, పోగులు కుట్టేటప్పుడు ఫోన్ లేనివాళ్ల ఇళ్లకు, ఉన్నా ఎత్తనివాళ్ల ఇళ్లకు యజమాని నంబరు దగ్గర నా రెండో సిమ్ము నంబరు వేశాను. మొదట రెండు మూడు ఇళ్లకే. ఒక ముసలామె గంటసేపు ఎండలో నిలబడి ఉంటే జాలిపడి మొదలుపెట్టాను. తర్వాత అలవాటైంది. చివరికి ఊరికి ఒక వాడ చొప్పున నా నంబరు మీదే ఉండేది. ఓటీపీ నాకే వచ్చేది, నేనే కొట్టుకునేవాణ్ణి. రైతును అడిగే పని తప్పింది. రైతుకు తెలియాల్సిన పని కూడా తప్పిందని అప్పుడు ఆలోచించలేదు.

రాళ్లకుంట

ఊరి అసలు పేరు వేరు. రాళ్లకుంట అనుకుందాం. చుట్టుపక్కల భూములు ఫార్మా కంపెనీల కోసం తీసుకున్నారు. పొలాలు పోయినవాళ్లలో చాలామంది పాడి మీద పడ్డారు. మేపడానికి బీడు తగ్గిపోయింది కాబట్టి జెర్సీ ఆవుల్ని కొని కొట్టంలోనే కట్టేసి సాకేవాళ్లు.

గాలికుంటు టీకాలు వేసే రోజులవి. గాలికుంటు అంటే మీకు తెలుసు. నోట్లో, గిట్టల మధ్య పుండ్లు పడి పశువు తినలేదు, నిలబడలేదు. పెద్ద పశువులు చాలావరకు బతుకుతాయి గాని మునుపటి పాలు రావు. దూడలైతే నిలబడ్డచోటే గుండె ఆగి పోతాయి.

ఆ రోజు పొద్దున ఆరు గంటలకే ఐస్ పెట్టెలో టీకా సీసాలు పెట్టుకొని రాళ్లకుంట చేరాను. ముందు వాడలో మొదలుపెట్టాను. యాప్ తెరుచుకోదు. తెరుచుకుంటే గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పది దాటేసరికి బర్లను మేతకు తోలుకుపోయారు. కొట్టాల్లో కట్టేసి ఉన్న ఆవులకు కూడా బర్లు వచ్చాక కలిపి వేద్దామని ఆగాను. వెనక వాడ మొత్తం మిగిలిపోయింది. మధ్యాహ్నం మూడింటి దాకా ఊళ్లోనే తిరిగి, ముందు వాడకు వేసినవే నమోదు చేస్తూ కూర్చున్నాను. నాలుగింటికి డాక్టరమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, రాళ్లకుంట ఎంతవరకు వచ్చింది?"

"వెనక వాడ ఉన్నదమ్మా. బర్లు మేతకు పోయినయి."

"సాయంత్రం మీటింగులో రాళ్లకుంట ఎందుకు కాలేదని అడుగుతరన్నా." కొంచెం ఆగి, "ఏమో అన్నా, మీరే చూడండి" అంది.

ఆమె నన్ను దొంగ లెక్క రాయమనలేదు. ఇది స్పష్టంగా రాస్తున్నాను. చూడమంది. నేను బస్సు స్టాపు షెడ్డులో కూర్చున్నాను. వెనక వాడ పశువులన్నీ నా నంబరు మీదే ఉన్నాయి. పాత జాబితా తీసి ఒక్కో పోగు నంబరూ కొట్టాను. సిగ్నల్ అప్పుడు బాగా వచ్చింది. ఓటీపీలు ఒకదాని వెనక ఒకటి టింగు టింగుమని వచ్చాయి. నలభైమూడు పశువులు. గంటలోపే అయిపోయింది. పొద్దుటి నుంచి అంత సాఫీగా జరిగిన పని అదొక్కటే.

మరునాడు పొద్దున వచ్చి నిజంగా వేసేద్దామనుకున్నాను. నమ్మండి, నమ్మకపొండి, అలాగే అనుకున్నాను. మరునాడు ఇంకో ఊరికి పొమ్మన్నారు. ఆ మరునాడు ఇంకో ఊరు. రాళ్లకుంట పట్టికలో పూర్తయినట్టు పచ్చగా ఉంది కాబట్టి దాని పేరు ఎవరూ ఎత్తలేదు. నాలుగో రోజు ఐస్ పెట్టె తెరిస్తే ఐసంతా నీళ్లయి ఉంది. సీసాలు వెచ్చబడ్డాయి. ఇక పనికిరావు. మా పశువైద్య ఉపకేంద్రం వెనక గుంట తవ్వి పారబోసి మట్టి కప్పాను. పారబోస్తున్నప్పుడు ఎవరైనా చూస్తున్నారేమోనని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. తప్పని తెలియకపోతే అలా చూడను గదా.

ఫోన్లో ఉంది

నెల తిరిగాక రాళ్లకుంట నుంచి చంద్రమ్మ ఫోన్ చేసింది. చంద్రమ్మకు యాభై ఏళ్లుంటాయి. భర్త లేడు. కొడుకు, కోడలు, ముసలి మామ. రెండు జెర్సీ ఆవులు, ఒక బర్రె, ఒక లేగదూడ. పొలం పోయాక ఇల్లు నడిచింది ఆ పాలతోనే.

"సారూ, పెద్దావు సొంగ కారుస్తున్నది. గడ్డి ముడ్తలేదు. జర రారాదు" అంది.

పోయాను. కొట్టంలోకి అడుగు పెట్టకముందే చప్పరింపు వినబడింది. గాలికుంటు వచ్చిన పశువు నోరు అలా చప్పరిస్తుంది. రెండు ఆవులూ కాళ్లు మార్చి మార్చి వేస్తున్నాయి. నాలుక మీది తోలు పొరలుగా లేచింది. దూడ మూలకు పడుకొని ఉంది.

చంద్రమ్మ చీర కొంగు నడుముకు దోపుకొని నా పక్కనే నిలబడింది. "సారూ, మా వాడకు సూదులే ఎయ్యలేదని సత్తెమ్మ అంటున్నది. నిజమేనా?" అని అడిగింది. సత్తెమ్మ పక్కింటామె. ఆమెకు రెండు బర్లు.

ఆ అడగడంలో అనుమానం లేదు. నేను కాదంటే నమ్మడానికి సిద్ధంగా అడిగింది. అవునని చెప్పడానికి అదే సమయం. మల్లయ్యకు చెప్పినట్టు చెప్పి ఉండాల్సింది. నేను జేబులోంచి ఫోన్ తీశాను. ఆమె ఆవు పోగు నంబరు కొట్టి, వచ్చిన పేజీ ఆమె ముఖం ముందు పెట్టాను.

"ఎయ్యకపోవుడేంది? ఫోన్ల ఉంది చూడు."

చంద్రమ్మకు చదువు రాదు. స్క్రీన్ వైపు చూసి, చంటిపిల్లను ఎత్తుకొని గుమ్మంలో నిలబడ్డ కోడలు సుజాతను పిలిచింది. సుజాత చదివింది. తేదీ చదివింది, పోగు నంబరు చదివి ఆవు చెవితో సరిచూసింది.

"మరి మా ఫోన్‌కు మెసేజ్ రావాలె గద సార్?" అంది సుజాత.

"సర్వర్ ప్రాబ్లమమ్మా. ఒక్కోసారి రాదు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అన్నాళ్లూ నన్ను సతాయించిన సర్వర్ ఆ పూట నన్ను కాపాడింది.

చంద్రమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "గా దినం నేను ఇంట్ల లేనే లేను. సుజాత కాన్పుకని హయత్‌నగర్ దవాఖానల ఉంటిమి. ఇంటికాడ మా మామొక్కడే ఉండె" అని, అరుగు మీద కూర్చున్న ముసలాయన వైపు తిరిగింది. "సారొచ్చి సూదులేసిపోతే ఒక్క మాట చెప్పకపోతివి గదా" అని గట్టిగా అరిచింది. ఆయనకు సరిగా వినబడదు. ఏదో తప్పు జరిగిందని అర్థమై తల ఊపాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

దూడ ఆ సాయంత్రమే చచ్చిపోయింది.

తర్వాత పదిహేను రోజులు నేను రోజూ రాళ్లకుంట పోయాను. పుండ్లు కడిగాను, గిట్టలకు మందు రాశాను, అంబలి కాచి గొట్టంతో పోశాను. ఆదివారం కూడా మానలేదు. ఊళ్లో అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఇంత చేసే సారు ఎక్కడా ఉండడన్నారు. ఆ పొగడ్త వింటూ నేను చేతులు కడుక్కునేవాణ్ణి. తప్పు చేసిన మనిషి ఎంత మంచిగా పని చేస్తాడో నాకు అప్పుడు తెలిసింది. ఎవరైనా అలా ఉన్నట్టుండి ఒళ్లు దాచుకోకుండా పని చేస్తుంటే వెంటనే మెచ్చుకోకండి. ఒకసారి ఎందుకని అడగండి.

చంద్రమ్మ పెద్దావు లేవనేలేదు. ఇరవయ్యో రోజున పోయింది. రెండోది బతికింది గాని పాలు ఎండిపోయాయి. సత్తెమ్మ బర్లలో చూడిది ఒకటి నెలలు నిండకుండానే ఈసుకుపోయింది.

సత్తెమ్మ ఊరుకోలేదు. ఆమె చంద్రమ్మలాంటి మనిషి కాదు, మాట కటువు. ఇబ్రహీంపట్నం వచ్చి పెద్ద ఆఫీసులో దరఖాస్తు ఇచ్చింది. మా వాడకు సూదులు వేయలేదు, వేశామని చెబుతున్నారు అని. విచారణకు డాక్టరమ్మను పంపారు. పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేశారు. డాక్టరమ్మ ఫోన్ చూసి పేర్లు, తేదీలు చదివింది. వాడవాళ్లు ఇరవై ముప్ఫై మంది చుట్టూ నిలబడ్డారు. నేను డాక్టరమ్మ కుర్చీ వెనక నిలబడ్డాను.

"గా దినమంత నేను ఇంటి ముందటనే పల్లికాయ కొట్టుకుంట కూసున్న" అంది సత్తెమ్మ. "ఒక్కడు రాలే మా వాడకు. నా బర్రెకు సూది ఏస్తే నాకు ఎర్కుండదా?"

డాక్టరమ్మ ఇబ్బందిగా, "రికార్డులో ఉందమ్మా. మీ బర్రె నంబరు కూడా ఉంది" అంది.

అప్పుడు చంద్రమ్మ ముందుకు వచ్చింది. ఎవరూ ఆమెను పిలవలేదు. "సారు ఏసిండు. ఫోన్ల ఉంది, నా కోడలు సదివింది. పదిహేను దినాలు మా ఆవు కాడ పేడల కూసొని సేవ చేసిండు గా సారు. అసొంటాయన మీద అబద్ధాలు చెప్పకు సత్తెమ్మా" అంది.

సత్తెమ్మ ఆమె వైపు చూసింది. "నేను అబద్ధం చెప్తున్ననా? నువ్ గా దినం ఊర్లనే లేవు."

"నేను లేకున్నా ఫోన్ల ఉంది" అంది చంద్రమ్మ.

గుంపులో ఎవరో నవ్వారు. పరిహారం కోసం నాటకం అని ఇంకెవరో అన్నారు. సత్తెమ్మ కింద పెట్టిన సంచి తీసుకొని వెళ్లిపోయింది. టీకా వేసినా రోగం వచ్చిందని రిపోర్టు రాశారు. అలా అప్పుడప్పుడు జరుగుతుంది కూడా, కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు. నేను అక్కడే ఉన్నాను. కుర్చీ వెనక రెండు చేతులూ కట్టుకొని నిలబడి ఉన్నాను.

చెప్పుకోవడం

కొంతకాలానికి రిటైరయ్యాను. శాలువా కప్పారు. రైతుల మనిషి అన్నారు. ఫోన్ ఆఫీసులో అప్పగించాను గాని, 'ఫోన్ల ఉంది' అన్న ఆ మాట నాతోనే ఇంటికి వచ్చింది.

ఆ అమ్మాయి వచ్చి వెళ్లిన వారానికి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆమె ఇప్పుడు వేరే జిల్లాలో ఉంది. అంతా చెప్పాను, నా సిమ్ము నంబరు సంగతి, గుంటలో పారబోసిన సంగతి. లైను తెగిపోయిందేమోనని "అమ్మా" అని పిలిచాను.

"ఉన్నానన్నా. ఆ రిపోర్టు మీద సంతకం నాది" అంది. తర్వాత, "వాళ్లకు చెప్పిన్రా?" అని అడిగింది.

"లేదమ్మా."

"మరి నాకెందుకు చెప్తున్నరన్నా?"

ఆదివారం ఆటో ఎక్కి రాళ్లకుంట పోయాను. చంద్రమ్మ కొట్టంలో పశువులు లేవు, కట్టెలు పేర్చి ఉన్నాయి. రెండో ఆవును, బర్రెను అమ్మేసి ఇప్పుడు తుక్కుగూడ దగ్గర ఒక కంపెనీ క్యాంటీన్‌లో పని చేస్తోందట. పొద్దున్నే వ్యాను వచ్చి తీసుకుపోతుందట. నన్ను చూసి సంతోషపడి కుర్చీ తెచ్చింది. నేను కూర్చోలేదు.

"చంద్రమ్మా, గా రోజు నేను మీ వాడకు రాలే. సూదులెయ్యలే. ఫోన్ల నేనే దొంగ లెక్క ఎక్కించిన" అన్నాను.

ఆమెకు మొదట అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. అర్థమయ్యాక ఆమె కుర్చీ వీపు పట్టుకొని నిలబడిపోయింది. ఆవుల గురించి తిడుతుందనుకున్నాను. దూడ గురించి అడుగుతుందనుకున్నాను.

"మా మామను ఎంత తిట్టిన్నో గా దినం" అంది. "పోయేదాంక గదే బాధ పడ్డడు ముసలోడు, నాకు మతి తప్పుతున్నదని." "సత్తెమ్మతోని మాట్లాడక మూడేండ్లాయె. నడుమ ఒక్క గోడనే. ఆమె బిడ్డ పెండ్లికి గూడ నేను పోలే. నాతోని ఎందుకు చెప్తున్నవ్ సారూ? గా మాట ఆడికొచ్చి చెప్పు."

ఆమె ముందు నడిచింది. నేను వెనక పోయాను. సత్తెమ్మ ఇంటి గేటు దగ్గర చంద్రమ్మ ఆగిపోయింది, లోపలికి రాలేదు. సత్తెమ్మ వాకిట్లో చాట ముందు పెట్టుకొని కందులు ఏరుతోంది. నన్ను చూసింది, గేటు దగ్గర నిలబడ్డ చంద్రమ్మను చూసింది. లేవలేదు.

ఆమె ముందు నిలబడి మొత్తం చెప్పాను. సర్వర్ మాట, మీటింగు మాట ఎత్తకూడదనుకొనే పోయాను, ఎత్తలేదు. ఆమె చేయి చాటలోనే ఆగింది.

"నేను అబద్ధం చెప్తలేనని గా దినమే చెప్పిన గదా" అంది.

"అవ్."

"నువ్ ఆడనే ఉన్నవ్ గదా సారూ."

"ఉన్న."

ఇంకేమీ అడగలేదు. ఇంకో ప్రశ్న అడిగితే బాగుండునని నిలబడ్డాను. అడిగితే ఏదో ఒకటి చెప్పి కొంచెం తేలికపడొచ్చు. ఆమె మళ్లీ కందులు ఏరడం మొదలుపెట్టింది. కొంతసేపటికి తల ఎత్తి, నన్ను దాటి గేటు వైపు చూసింది.

"ఎండల ఎంతసేపు నిలబడ్తవు? లోపటికి రా" అంది చంద్రమ్మతో.

చంద్రమ్మ వచ్చింది. నా పక్కనుంచే పోయి చాటకు అవతల కూర్చుంది. చంద్రమ్మ కూడా కందుల్లో చెయ్యి పెట్టి రాళ్లు తీయసాగింది. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మనీ అనలేదు. నేను బయటికి వచ్చి గేటు దగ్గరగా వేశాను. చెప్పులు వేసుకుంటుంటే వాకిట్లోంచి మాట వినబడింది. నా గురించి కాదు. సత్తెమ్మ బిడ్డకు ఇప్పుడు ఎన్నో నెల అని చంద్రమ్మ అడుగుతోంది.